చుక్కలా, మాత్రా, మెడ బెల్టా: మా బ్రౌనీకి ఫ్లీల మందు ఏది వాడాలి?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రమే చెప్తున్నాను. వాళ్లింట్లో బ్రౌనీ అనే అయిదేళ్ల ఆడకుక్క ఉంది, బరువు 14 కిలోలు. ఒక పిల్లి కూడా ఉంది, రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోతాయి. 14 నెలల బాబు ఉన్నాడు, వాడికి బ్రౌనీ మెడ పట్టుకుని నిలబడటం అలవాటు. రెండు నెలలుగా బ్రౌనీ ఒకటే గోక్కుంటోంది, తోక మొదట్లో వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. మొదట ఫ్లీల (బొచ్చులో తిరుగుతూ రక్తం తాగే, ఎగిరే చిన్న పురుగులు) షాంపూతో స్నానం చేయిస్తే మూడు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. తర్వాత షాపులో అడిగితే వీపు మీద వేసే చుక్కల మందు ఇచ్చారు. అది పెద్ద కుక్కలకి వాడే ట్యూబు, సగం ఇప్పుడు వేసి సగం వచ్చే నెలకి దాచుకోమన్నారు. ఈమె షాంపూ స్నానం చేయించిన మర్నాడే ఆ సగం వేశారు, బొచ్చు జిడ్డుగా ఉందని రెండో రోజు మళ్లీ స్నానం చేయించారు. పది రోజులైంది, ఫ్లీలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. ఈమె చీలమండల దగ్గర కాట్లు, బాబు కాళ్ల మీద ఎర్ర మచ్చలు.

ఇక ఇంట్లో తలో మాట. భర్త మాత్ర వేసేద్దాం అంటున్నారు. కానీ రెండేళ్ల కిందట బ్రౌనీకి ఒకసారి ఫిట్స్ లాంటిది వచ్చింది, ఒక నిమిషంలో తగ్గిపోయింది, మళ్లీ రాలేదు. ఆ మాత్రల వల్ల ఫిట్స్ వస్తాయని చదివి ఈమె భయపడుతున్నారు. తమ్ముడు మెడకి మందు బెల్టు కట్టేస్తే ఎనిమిది నెలలు చూసుకోనక్కర్లేదు అంటున్నాడు. అత్తగారు పసివాడి గురించి బెంగపడి, ఇదంతా తగ్గేదాకా కుక్కని ఇంటి బయట ఉంచమంటున్నారు. పక్కింటావిడ అన్నంలో వెల్లుల్లి కలపమన్నారు. "నేను ఇల్లు శుభ్రంగా ఉంచట్లేదా? నా వల్లే బాబుకి ఇలా అయిందా? ఏదో ఒక్క మందు పేరు చెప్పండి, అదే వాడతాను" అని ముగించారు.

ముందు ఒక పని చేయండి, మిగతా జవాబు తర్వాత చదవొచ్చు. ఆ చుక్కల మందు డబ్బా తీసి, వెనక సన్న అక్షరాల్లో మందులో ఏమేం ఉన్నాయో చూడండి. అందులో పర్మెత్రిన్ అన్న పేరు ఉంటే ఆ మందు మీ ఇంట్లో ఉండకూడదు. కుక్క ఒళ్లు తట్టుకునే ఈ మందు పిల్లికి విషం, దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. పిల్లికి నేరుగా వేస్తేనే ప్రమాదం అనుకోకండి, కుక్క వీపు మీద మందు ఆరకముందే పక్కన పడుకున్నా, దాన్ని నాకినా చాలు. చెవులు అదరడం, ఒళ్లు వణకడం, నోట్లోంచి చొంగ, నడక తూలడం, తర్వాత ఫిట్స్, ఇవీ లక్షణాలు. సాధారణంగా కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో బయటపడతాయి. మీరు మందు వేసి పది రోజులైంది, పిల్లి మామూలుగా తింటూ తిరుగుతోందంటే ఆ గండం గడిచినట్టే. కానీ దాచిన ఆ సగం మందు మాత్రం వాడొద్దు. డబ్బా మీద పర్మెత్రిన్ లేకపోయినా వాడొద్దు, ఎందుకో కిందకి వస్తే చెప్తాను.

ఇప్పుడు మీ ప్రశ్నల్లో నన్ను ఎక్కువ బాధపెట్టిన దానికి వస్తాను. లేదమ్మా, మీ ఇల్లు మురికిగా ఉండటం వల్ల ఇది రాలేదు. పశువైద్యురాలిగా నేను అద్దంలా మెరిసే ఇళ్లలో ఫ్లీలు చూశాను, మట్టి నేల ఇళ్లలో ఒక్కటీ లేని కుక్కల్నీ చూశాను. బయట నడిచొచ్చేటప్పుడు ఒక్క ఆడ ఫ్లీ మీ కుక్క మీదకి దూకితే చాలు. అది రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, రోజుకి 40 నుంచి 50 దాకా పెట్టగలదు. ఆ గుడ్లు కుక్క బొచ్చుకి అంటుకుని ఉండవు, ఉప్పు చల్లినట్టు జారి కింద పడతాయి. బ్రౌనీ ఎక్కడెక్కడ పడుకుందో, ఒళ్లు దులుపుకుందో అక్కడంతా. వాటిలోంచి సన్నటి పురుగులు వచ్చి, వెలుతురు పడని చోట్లకి పాకి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తాన్ని తిని బతుకుతాయి. తర్వాత పట్టుపురుగులాగా గూడు కట్టుకుంటాయి. ఆ గూడు జిగటగా ఉండి దుమ్ము, నూలుపోగులు అంటించుకుని కనపడకుండా పోతుంది. దాంట్లోకి ఏ మందూ సరిగా వెళ్లదు. లోపలున్నది వారం పది రోజుల్లో బయటికి రావచ్చు, లేదా నెలల తరబడి అలాగే కూర్చోవచ్చు. అడుగుల అదురు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలితే అప్పుడు బయటపడి దూకుతుంది.

సాధారణంగా చెప్పే లెక్క ఏమిటంటే, కుక్క మీద మనకి కనపడే ఫ్లీలు మొత్తంలో 5 శాతమే, మిగతా 95 శాతం గుడ్లు, పురుగులు, గూళ్ల రూపంలో ఇంట్లో ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ రెండు నెలల కథ మొత్తం అర్థమవుతుంది. షాంపూ ఆ రోజు ఒంటి మీదున్న వాటిని చంపింది. నీళ్లతో పాటు మందూ పోయింది. మూడు రోజుల తర్వాత కనపడినవి చావకుండా మిగిలిపోయిన పాతవి కాదు, నేల మీద గూళ్లలోంచి వచ్చిన కొత్తవి. ఏ మందు వేసినా కొన్ని వారాల పాటు కొత్తవి వస్తూనే ఉంటాయి. పదో రోజున ఒక ఫ్లీ కనపడింది కాబట్టి మందు పని చేయలేదు అని నేనైతే వెంటనే తేల్చను.

అయితే మీ విషయంలో ఆ మందుకి పని చేసే అవకాశమే సరిగా దొరకలేదు. ఈ చుక్కల మందుల్లో చాలావరకు, ఉదాహరణకి ఫిప్రోనిల్, చర్మం మీదుండే సహజమైన నూనెలో కలిసి ఒళ్లంతా పాకుతాయి. ముందురోజు షాంపూతో ఆ నూనె అంతా కడిగేశారు, రెండో రోజు మళ్లీ స్నానం చేయించారు. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం లేకుండా ఉంటేనే అది కుదురుకుంటుంది. పైగా ట్యూబులో సగం అన్నది కంటి అంచనా, బ్రౌనీ బరువుకి అది ఎక్కువో తక్కువో ఎవరికీ తెలియదు, మూత తెరిచిన ట్యూబు నెల రోజులు దాస్తే లోపలి మందు ఏ స్థితిలో ఉంటుందో చెప్పలేం. బొచ్చు జిడ్డుగా అయిందన్నారు కదా, అంటే కొంత మందు చర్మానికి చేరకుండా బొచ్చు మీదే ఆగిపోయి ఉండొచ్చు. మీరు తెలియక చేశారు, షాపులో అలా చెప్పి పంపారు. ఇందులో మిమ్మల్ని మీరు తిట్టుకోవాల్సింది ఏమీ లేదు.

ఇంకో చిన్న పరీక్ష. మనం మాటల్లో పేలు, గోమార్లు, పిడుదులు, ఫ్లీలు అన్నీ కలిపేసి మాట్లాడతాం, కానీ వీటికి మందులు వేరు. గోమారి, అంటే పిడుదు, చర్మాన్ని పట్టుకుని కదలకుండా ఉండి, రక్తం తాగి గింజలా ఉబ్బుతుంది. పేను మెల్లగా పాకుతుంది, దాని గుడ్లు వెంట్రుకలకి అంటుకుని ఉంటాయి. ఫ్లీ ముదురు గోధుమ రంగులో, పక్కల నుంచి నొక్కేసినట్టు సన్నగా ఉండి, వెంట్రుకల మధ్య పరిగెత్తి దూకేస్తుంది. మీరు ఎగురుతున్నాయి అన్నారు కాబట్టి ఫ్లీలే అనిపిస్తోంది, అయినా తోక మొదట్లో సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, వచ్చిన నల్లటి రవ్వల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక వస్తే అది ఫ్లీల విసర్జన, అంటే బ్రౌనీ రక్తమే. ఎందుకు చెప్తున్నానంటే, గోమార్లకి స్నానంలో కలిపే అమిట్రాజ్ లాంటివో, ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షనో ఎవరైనా సలహా ఇస్తే, ఆ రెండూ ఫ్లీల మీద పని చేయవు, పైగా అమిట్రాజ్ పిల్లికి మంచిది కాదు.

ఇక మందుల ఎంపిక. ఒక్క పేరు చెప్పమన్నారు. చెప్పడం నాకు సులువే, కానీ మీ ఇంట్లో పిల్లి ఉంది, పాకే పసివాడున్నాడు, ఒకసారి ఫిట్స్ వచ్చిందేమో అన్న అనుమానం ఉంది. ఏ మందు గట్టిది అని కాకుండా, ఈ ముగ్గురిలో ఎవరికీ ముప్పు లేకుండా మూడు నెలలు మీరు విడవకుండా వాడగలిగేది ఏది అని చూద్దాం. ఏది ఎంచుకుంటే ఏం ఎదురవుతుందో చెప్తాను, చివరికి డాక్టర్ దగ్గర కూర్చుని మీరే తేల్చుకోవచ్చు.

మీవారు చెప్పే మాత్రతో మొదలుపెడదాం, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. అఫోక్సోలానర్, ఫ్లూరాలానర్, సారోలానర్, లోటిలానర్ అనే ఈ మాత్రలు చాలా బాగా పని చేస్తాయి, ఫ్లీ కుట్టి రక్తం తాగిన కొన్ని గంటల్లో చస్తుంది. స్నానంతో పోవు. బాబు చేతికి అంటదు, పిల్లి నాకినా ఏం కాదు. మీ ఇంటికి ఇవి ఎంత నప్పుతాయో చూడండి, ఆ ఒక్క ఫిట్స్ సంగతి లేకపోతే నేను మొదట ఇవే చెప్పేదాన్ని. కానీ మీ భయమూ ఉత్తినే పుట్టింది కాదు. ఈ మందులు పురుగుల నరాలకి అడ్డుకట్ట లేకుండా చేసి చంపుతాయి, కుక్క నరాల మీద ఆ ప్రభావం చాలా చాలా తక్కువ, అయినా కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ కనిపించాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 సెప్టెంబర్‌లో ఈ మొత్తం తరగతి మందుల గురించి హెచ్చరిక ఇచ్చింది. నిషేధించలేదు, ఎక్కువ కుక్కలకి ఇవి సురక్షితమేనని చెబుతూనే, ముందు ఫిట్స్ వచ్చిన కుక్కల విషయంలో డాక్టర్‌తో మాట్లాడి జాగ్రత్తగా నిర్ణయించుకోమంది. అంటే మీవారు, మీరు ఇద్దరూ సగం సగం నిజం పట్టుకుని వాదించుకుంటున్నారు.

ఇక్కడ తేలాల్సింది రెండేళ్ల కిందట జరిగింది అసలు ఫిట్సేనా అన్నది. ఆ రోజు జరిగింది గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాయండి. పక్కకి పడిపోయిందా, కాళ్లు ఈదుతున్నట్టు కొట్టుకుందా, పిలిస్తే స్పృహ ఉందా, మూత్రం పోయిందా, లేచాక ఎంతసేపు అయోమయంగా తిరిగింది, అంతకుముందు ఏమైనా మందు వేశారా, ఏదైనా తినకూడనిది తిన్నదా. గుండె సమస్యతో స్పృహ తప్పినా చూసేవాళ్లకి ఫిట్స్ లాగే ఉంటుంది. డాక్టర్ ఇదంతా విని అది ఫిట్స్ కాదు అంటే మాత్రకి తలుపు తెరుచుకున్నట్టే. ఫిట్సే అయ్యుండొచ్చు అంటే, నేనైతే ఇంకో దారి ఉండగా ఇటు వెళ్లను. ఒకవేళ మాత్రే మేలని డాక్టర్ చెప్తే, పన్నెండు వారాలు పని చేసే ఫ్లూరాలానర్ కన్నా నెల రోజులు పని చేసేదాని గురించి అడగండి. నెల మాత్ర కూడా ఒక్క రోజులో ఒంట్లోంచి పోదు, కానీ మూడు నెలల మందు మింగేశాక వెనక్కి తీసుకోవడానికి అసలు మార్గం లేదు. స్పైనోసాడ్ అనే ఇంకో మాత్ర ఉంది, మూర్ఛ ఉన్న కుక్కలకి దాని విషయంలోనూ జాగ్రత్త చెప్తారు. నిటెన్‌పైరమ్ అని వేరే రకం మాత్ర ఉంది, అరగంటలో ఫ్లీల్ని రాల్చడం మొదలుపెట్టి ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. ఒంటి మీదున్న భారాన్ని ఒక్కసారిగా దించడానికి డాక్టర్లు వాడతారు, దానితోనే నెల గడవదు. అది వేసిన గంటలో ఫ్లీలు చస్తూ కదులుతాయి కాబట్టి కుక్క ఇంకా ఎక్కువగా గోక్కుంటుంది, కంగారు పడొద్దు.

చుక్కల మందు సంగతి. ఒకసారి విఫలమైంది కదా అని దీన్ని కొట్టిపారేయకండి, ఫిట్స్ అనుమానం ఉన్న కుక్కలకి చాలామంది డాక్టర్లు మొదట చూసేది ఇటువైపే. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్, సెలమెక్టిన్, వీటిలో ఏదో ఒకటి, బ్రౌనీ బరువుకి సరిపోయే సైజు, పూర్తి ట్యూబు. ఫిప్రోనిల్‌తో పాటు మెథోప్రీన్ కలిసిన మందు దొరుకుతుంది, అది గుడ్లు, పురుగులు ఎదగకుండా ఆపుతుంది, మీలా ఇల్లంతా పాకిపోయిన చోట అది ఉపయోగం. కొనే ముందు పర్మెత్రిన్ లేదని మాత్రం మీ కళ్లతో చదివి చూసుకోండి, ఎందుకంటే ఇమిడాక్లోప్రిడ్‌ని పర్మెత్రిన్‌తో కలిపి కుక్కల కోసం అమ్మే రకాలున్నాయి. వేయడం ఇలా: భుజాల మధ్య, నాలుక అందని చోట, వెంట్రుకల్ని రెండు వైపులా పాయ తీసి తెల్లటి చర్మం కనపడేలా చేసి, ట్యూబు మొన చర్మానికి ఆనించి పిండాలి. రాత్రి బాబు నిద్రపోయాక వేయండి, పిల్లిని ఆ రాత్రికి వేరే గదిలో ఉంచండి, పొద్దున చేత్తో తాకి పూర్తిగా ఆరిందని చూశాకే ముగ్గుర్నీ కలవనివ్వండి. దీనితో మీకు వచ్చే ఇబ్బంది క్రమశిక్షణ, నెల నెలా గుర్తుంచుకోవాలి, వేసిన రెండు రోజులు స్నానం లేదు, తర్వాత కూడా తరచూ షాంపూ పెడితే బలం తగ్గుతుంది. అది ఒప్పుకోగలిగితే మీ ఇంటికి ఇది మంచి దారి. నన్ను మరీ బలవంతం చేస్తే, ఫిట్స్ సంగతి తేలేదాకా నా మొగ్గు ఇటే.

మీ తమ్ముడు చెప్పిన బెల్టు కూడా చెత్తది కాదు. ఇమిడాక్లోప్రిడ్, ఫ్లూమెత్రిన్ కలిసిన బెల్టు ఎనిమిది నెలల దాకా పని చేస్తుంది, నెల నెలా మందు గుర్తుపెట్టుకోలేని వాళ్లకి అది వరమే. కానీ మీ బాబు రోజంతా బ్రౌనీ మెడ పట్టుకునే నిలబడతాడు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటాడు. బెల్టులోంచి మందు మెల్లమెల్లగా ఊరుతూ ఉంటుంది, పిల్లలు దానితో ఆడకూడదని, నోట్లో పెట్టుకోకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది. 14 నెలల వాడికి ఆ మాట ఎలా చెప్తాం? పిల్లి కూడా బ్రౌనీ మీదే పడుకుంటుందని మీరే రాశారు. బాబు కాస్త పెద్దయ్యాక ఆలోచించండి, అప్పుడు కూడా మెడకీ బెల్టుకీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు ఉంచి, మిగిలిన కొస కత్తిరించేయాలి.

వెల్లుల్లి వద్దు. దీన్ని మాత్రం ఎంపికల్లో ఒకటిగా చెప్పను, సూటిగా వద్దంటున్నాను. ఫ్లీల మీద అది పని చేయదు, కుక్క ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది, పిల్లికి ఇంకా ప్రమాదం. టీ ట్రీ నూనె, కర్పూరం, కిరోసిన్, ఫినాయిల్ లాంటివి ఒంటికి రాయడమూ అంతే, చర్మం కాలుతుంది, నాకితే లోపలికి పోతుంది. రోజూ సబ్బునీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, దొరికిన ఫ్లీల్ని అందులో ముంచేయడం మాత్రం ఏ హానీ లేని పని, మందుతో పాటు అదీ చేయండి. పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పారు, ఆవిడతో వాదన పెట్టుకోనక్కర్లేదు, డాక్టర్ వద్దన్నారని చెప్తే సరిపోతుంది.

అత్తగారి మాటకి వస్తున్నాను. ఆవిడ భయం మనవడి గురించి, దాన్ని తప్పుపట్టలేం. కానీ బ్రౌనీని బయట పెడితే జరిగేది ఆవిడ అనుకున్నదానికి సరిగ్గా ఉల్టా. గూళ్లలోంచి ఆకలితో వచ్చే ఫ్లీలకి ఇంట్లో కుక్క కనపడకపోతే మిగిలేది మనుషుల కాళ్లు, నేల మీద పాకే బాబు. కొన్ని వారాలు తాళం వేసిన ఇంటికి తిరిగొచ్చిన వాళ్ల మీదకి ఫ్లీలు ఒక్కసారిగా దూకడం నేను విన్నాను, లోపల ఎవరూ లేనన్నాళ్లూ అవి గూళ్లలో ఎదురుచూస్తూ ఉంటాయి. అదే సరైన మందు వేసిన కుక్క ఇంట్లో తిరుగుతుంటే, కొత్తగా పుట్టిన ఫ్లీలు ఎక్కువగా దాని మీదకే దూకి అక్కడే చస్తాయి, కొత్తగా గుడ్లు పడవు. మందు వేసిన బ్రౌనీ మీ బాబుకి కాపలా లాంటిది. అత్తగారికి ఇది చెప్పండి, నా ఉత్తరం చదివి వినిపించినా సరే. అలాగే ఆవిడ మనసు కుదుటపడటానికి ఈ కొన్ని వారాలు బ్రౌనీని బాబు పడుకునే గదిలోకి, వాడి పరుపు మీదకి రానివ్వకండి, ఇందులో ఇద్దరి మాటా నిలబడుతుంది.

పిల్లిని మర్చిపోకండి. బహుశా పిల్లి మీద ఏమీ కనపడట్లేదు అనుకుంటారు, కానీ పిల్లులు ఒళ్లు నాక్కుంటూ ఫ్లీల్ని మింగేస్తాయి, అందుకే కనపడవు. కుక్కలకీ పిల్లులకీ పట్టే ఫ్లీ చాలావరకు ఒకే జాతి. బ్రౌనీకి ఎంత మంచి మందు వేసినా పిల్లిని వదిలేస్తే అది నడిచే గుడ్ల బుట్టలా మిగిలిపోతుంది. పిల్లికి పిల్లుల మందే, దాని బరువుకే, అదే రోజున వేయండి. కుక్క మందులో కొంచెం దానికి వేయడం అనే ఆలోచన కలలో కూడా వద్దు.

ఇక ఇల్లు. ఇది విసుగు పుట్టించే పని, కానీ ఎంత మంచి మందైనా ఇది లేకుండా గెలవదు. కుక్క, పిల్లి పడుకునే గుడ్డలు, దుప్పట్లు, సోఫా కవర్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. వ్యాక్యూమ్ క్లీనర్ మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, గది మధ్యలో కాదు, సోఫా కింద, మంచం కింద, గోడ అంచుల వెంట, కుషన్ల సందుల్లో, బ్రౌనీ కారులో వస్తుందంటే కారు సీట్లలో. దాని అదురుకి గూళ్లలోవి బయటికి వస్తాయి కాబట్టి మొదట్లో ఇంకా ఎక్కువైనట్టు కనపడుతుంది, అది మంచికే, బయటికి వస్తేనే చచ్చేది. ఊడ్చినదాన్ని ఇంట్లో డస్ట్‌బిన్‌లో కాకుండా మూట కట్టి వెంటనే బయట పడేయండి. ఇంటికి కొట్టే స్ప్రేలలో మెథోప్రీన్ గానీ పైరిప్రాక్సిఫెన్ గానీ ఉన్నవి పురుగుల్ని ఎదగనివ్వవు, కావాలంటే వాడొచ్చు, కానీ పాకే పిల్లాడున్న ఇంట్లో అది నా మొదటి అడుగు కాదు. నెల రోజులు మందు, ఉతుకు, ఊడుపు చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు, అందరూ బయటికి వెళ్లి, నేల పూర్తిగా ఆరి గాలి ఆడాకే తిరిగొచ్చేలా చూసుకుని కొట్టించండి. వీటిలో చాలా స్ప్రేలలో పర్మెత్రిన్ లాంటివి కూడా కలుస్తాయి కాబట్టి పిల్లి విషయం అక్కడా వర్తిస్తుంది, చేపల తొట్టి ఉంటే ముందే అక్కణ్నుంచి తీసేయాలి.

ఎన్నాళ్లు అంటే, కనీసం మూడు నెలలు. నాకు తెలిసి ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. మొదటి నెలలో గోకుడు తగ్గుతుంది, రెండో నెల మందు వేయాలనిపించదు, గూళ్లలో మిగిలినవి వచ్చి మళ్లీ మొదటికి తెస్తాయి. మూడో వారంలో ఒకటి రెండు కనపడితే మందు మార్చకండి, తేదీకి రెండో మోతాదు వేయండి. సరిగ్గా వేసి, పిల్లికీ వేసి, ఇల్లూ చూసుకుని, రెండు నెలల తర్వాత కూడా దువ్వెనకి గుంపులుగా దొరుకుతుంటే అప్పుడు మందు రకం మార్చే మాట ఆలోచించాలి.

బ్రౌనీ తోక దగ్గర వెంట్రుకలు ఊడిన తీరు చూస్తే దానికి ఫ్లీ లాలాజలంతో అలెర్జీ ఉందేమో అనిపిస్తోంది, అలాంటి కుక్కలకి కొద్దిపాటి కాట్లే చాలు, రోజుల తరబడి దురద. అందుకే ఫ్లీలు పోయినా గోకుడు వెంటనే ఆగకపోవచ్చు, దానికి విడిగా దురద మందు ఇవ్వాల్సి రావచ్చు. చర్మం తడిగా, చీము పట్టినట్టు, వాసనగా ఉంటే ఆలస్యం చేయకండి. మలం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనపడ్డాయా చూడండి, ఫ్లీని మింగడం వల్ల వచ్చే బద్దెపురుగు ముక్కలవి, కుక్కకీ పిల్లికీ రెండింటికీ దానికి మందు వేయాలి. బాబుకి అది రావాలంటే వాడు ఫ్లీని మింగాలి, చాలా అరుదు, కానీ చేతులు కడగడం మానకండి. వాడి కాళ్ల మీద మచ్చలకి చల్లటి తడిగుడ్డ, చిన్నగా కత్తిరించిన గోళ్లు చాలు. మచ్చలు వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

పశువుల డాక్టర్ దగ్గరికి ఈ వారమే వెళ్లండి, వీలైతే మీవారిని కూడా తీసుకెళ్లండి, మాత్ర గురించి ఆయన ప్రశ్నలు ఆయనే అడిగి వింటే ఇంట్లో వాదన తగ్గుతుంది. బ్రౌనీని మళ్లీ తూకం వేయించండి, పాత బరువు మీద మందు కొనకండి. ఆ ఫిట్స్ కాగితం, వాడిన షాంపూ సీసా, చుక్కల మందు డబ్బా పట్టుకెళ్లండి, పది రోజుల కిందట ఏం వేశారో తెలిస్తేనే కొత్త మందు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చెప్పగలరు. మిగిలిన ఆ సగం ట్యూబుని సింకులో పిండి కడిగేయకండి, ఈ మందులు చెరువుల్లో, కాలవల్లో ఉండే పురుగుల్ని కూడా చంపుతాయి. మూత గట్టిగా పెట్టి, కవర్లో చుట్టి, బాబుకీ పిల్లికీ అందని చోట పెట్టి, దాన్నీ డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లి ఎలా పారేయాలో అడగండి.